నాలుగు వేళ్ల మేర

"అన్నం గిన్నెల జిగురు ఉడకవెట్టకే అని ఎన్నిసార్లు జెప్పాలె? రేపు గా గిన్నెలనే నాకు బువ్వొండి పెడ్తవ్. పేగులు అతుక్కపోయి సస్త నేను."

వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కట్టమ్మ అన్నది. లక్ష్మీనర్సమ్మ జిగురు తిప్పుతూనే ఉంది. పొయ్యి మీద ఉన్నది అన్నం గిన్నె కాదు. జిగురు కోసమే విడిగా పెట్టుకున్న సత్తుగిన్నె. అడుగు సొట్టపోయి, అంచు వంగిపోయి ఇంకెందుకూ పనికిరానిది. ఆ సంగతి అత్తకూ తెలుసు. తెలిసీ ఏళ్లుగా ఆమె అదే మాట అంటోంది, ఏళ్లుగా కోడలు అదే తీరున ఊరుకుంటోంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు మాట్లాడుకోవడమంటే అంతే.

మైదాపిండి, నానిన సగ్గుబియ్యం, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం. ఉండ కట్టకుండా తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే జిగురు పాడవుతుంది. కొత్తవాడలోని పుట్టింట్లో ఆమె చిన్నప్పటి నుంచీ ఎరిగిన పనే ఇది. కాకపోతే అక్కడ గంజి పట్టించేది నూలుకు. నాయన వీధి పొడుగునా పడుగు పరిచి గంజి పెడుతుంటే తను కుంచె పట్టుకుని వెంట నడిచేది. నడుస్తున్నంతసేపూ నాయన ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఇప్పుడు నాయన లేడు. మగ్గం గుంత పూడ్చేశారు. అన్నలు షోలాపూర్ పోయి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుకుంటూ అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. కొత్తవాడకు పోయినా ఇప్పుడు ఆమెను ఆగమని అడిగే గడప లేదు.

అత్తగారిల్లు స్టేషన్ రోడ్డులో. ముందు స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో ఒక నల్ల తెర. తెరకు అటు ఆమె భర్త వెంకట్రాజం, ఆయన కెమెరా, దీపాలు, వచ్చీపోయే జనం. ఇటు వంటిల్లు, బావి, అత్త, ఆమె. తెరకు ఇటు కూర్చునే లక్ష్మీనర్సమ్మ వరంగల్లు జనాన్నంతా కత్తిరించింది.

ఆ పని మొదలైన తీరు ఇది. ఒకసారి రైల్వే గుమాస్తా ఒకాయన పెళ్లాం పిల్లలతో తీయించుకున్న ఫొటోను పెద్దది చేయించుకున్నాడు. "కిరాయి ఇల్లాయె. ఇంటాయన గోడకు మొల గొట్టనిస్తలేడు, ఫ్రేము గట్టిచ్చి ఏం జేసుకోను" అని తెర అవతల వాపోయాడు. ఆ మాట ఇవతల పప్పు రుబ్బుతున్న లక్ష్మీనర్సమ్మ చెవిన పడింది. మర్నాడు పనికిరాక పారేసిన ఫొటో ఒకటి తీసుకుని, అందులోని మనిషిని మాత్రం అంచు వెంబడి కత్తిరించింది. వెనక పలచని మల్లు గుడ్డ అంటించి, గంజి పట్టించి నీడన ఆరబెట్టింది. తడి అద్ది వంటింటి గోడకు ఆనిస్తే బొమ్మ పట్టుకుంది. మళ్లీ తడిగుడ్డ అద్ది కాసేపాగి, కాళ్ల దిక్కు నుంచి మెల్లగా లేపితే సున్నం పెచ్చు కూడా రాలకుండా ఊడి వచ్చింది. వెంకట్రాజాన్ని పిలిచి అంటించి చూపింది, తీసి చూపింది, మళ్లీ అంటించింది. ఆయన చాలాసేపు చూశాడు. "చెవి కోసుకపోయింది. జర పైలంగ కత్తిరియ్యాలె" అన్నాడు.

వారం తిరిగేసరికి స్టూడియో బోర్డు కింద కొత్త అక్షరాలు వెలిశాయి. 'రాజం గోడబొమ్మలు - మేకు అక్కరలేదు.'

కిరాయి ఇళ్లవాళ్లు, బదిలీల నౌకరీలవాళ్లు ముందుగా వచ్చారు. తర్వాత నర్సంపేట నుంచి, మరిపెడ నుంచి బస్సులెక్కి వచ్చారు. పసిపిల్లల బొమ్మలు, ముసలి తల్లుల బొమ్మలు, మిలిటరీకి పోయిన కొడుకు బొమ్మ. మనిషిలో సగం ఎత్తు వరకు పెంచి, చుట్టూ ఉన్న కుర్చీలూ పూలకుండీలూ తీసేసి, మనిషిని మాత్రం గోడ మీద నిలబెట్టుకోవడం వాళ్లకు ముచ్చటగా ఉండేది. "రాజం, నీ చేతిల ఏమున్నదయ్యా, ఎంటికలు గూడ లెక్కవెట్టొచ్చు" అనేవాళ్లు. "అలవాటైపోయింది సార్" అని ఆయన నవ్వేవాడు. ఇవతల కత్తెర ఒక్క క్షణం ఆగేది. మళ్లీ నడిచేది.

చుట్టాలెవరైనా "మీ ఇంటామె ఏం జేస్తది" అని అడిగితే వెంకట్రాజం చెప్పే మాట ఒకటుంది. "ఏం జేస్తది, ఊకె కూసునే బదులు కత్తెర ఆడిస్తది." ఆయన దాన్ని వెటకారంగా అనేవాడు కాదు. అదే నిజమనుకునేవాడు. అందుకే ఆ మాట ఎక్కడో లోపలికి దిగి అక్కడే ఉండిపోయేది. వెటకారమైతే ఒకరోజు ఎదురు అనవచ్చు. నిజమనుకునే మనిషితో ఏం అనాలి? పొద్దున నీళ్లు తోడి, వాకిలి ఊడ్చి, వంట చేసి, అత్తకు కాళ్ల నొప్పులకు కాపడం పెట్టి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే దాకా వంగి కూర్చుంటే మెడ పట్టేసేది. చూపుడు వేలికి కత్తెర కాయ కాసింది. ఆయనకు ఆ కాయ తెలియదు. ఆ చెయ్యి పట్టుకుంటే కదా తెలిసేది.

కత్తెర కదలకూడదు, కాగితం తిరగాలి. అదొక్కటే ఆ పనిలోని కిటుకు. జుట్టు దగ్గర గీత లోపలికి పోకూడదు. చంక సందులు బ్లేడుతో తియ్యాలి. కోసిన అంచు తెల్లగా కనబడకుండా పెన్సిలు రుద్దాలి. అట్లా అంచు వెంబడి పోతూ పోతూ ఆమె మనుషులను తెలుసుకునేది. ఒకామె మెడ ఎప్పుడూ కొంచెం వెనక్కి లాగినట్టుంటుంది, ఎవరో కొడతారన్నట్టు. ఒక ముసలాయన భుజం ఒకటి కిందికి జారి ఉంటుంది, ఏళ్లతరబడి మూటలు మోసినట్టు. వాళ్ల ఊరేదో, పేరేదో తెలియదు. అయినా పని అయి, గుడ్డ ఆరేదాకా బొమ్మలన్నీ గోడ వారగా నిలబడి ఉంటే ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది. కూర కలుపుతూ వెనక్కి తిరిగితే ఎవరో ఉన్నట్టు తోచేది. సాయంత్రం వెంకట్రాజం వచ్చి, "అయిందా?" అని అడిగి, వాటిని చుట్టచుట్టి తీసుకుపోయేవాడు. ఆయన ఆమెతో ఎక్కువగా అనే మాట అదే. అయిందా. బొమ్మలు పోయాక వంటింటి గోడ ఎంత పెద్దదో తెలిసేది.

పిల్లలు కలగలేదు. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసి, "నీకేం లేదమ్మా, మీ ఆయన్ను ఒకసారి తీసుకురా" అన్నది. ఆ మాట చెబితే వెంకట్రాజం అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ పిల్లల ఊసెత్తలేదు, కట్టమ్మ తప్ప. "ఊరందరి పిల్లలను కత్తిరిస్తాంది, ఒక్కన్ని కనరాదాయె" అని ఆమె వాకిట్లోకి ఎవరొస్తే వాళ్లతో అనేది. డాక్టరమ్మ మాట కట్టమ్మకు కొడుకు చెప్పలేదు. కోడలూ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో తెర అవతల ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఈ ఫొటోల కెల్లి నన్నొక్కదాన్నే తీసి గోడబొమ్మ జేసియ్యాలె."

"పక్కకు ఈన ఎవలు?" వెంకట్రాజం అడిగాడు.

"పెండ్లి జేసుకున్నోడు."

"ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడు. బొంబాయి దిక్కు బీవండిల ఇంకొకామెను ఉంచుకున్నడు. పిల్లలు గూడ ఉన్నరు."

వెంకట్రాజం ఫొటోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత వెంకట్రాజం, "మొగుడు బతికుండంగ మొగున్ని కోసి అవతల పడేస్తరా ఎవలన్న? మంచిది గాదమ్మా. రేపు ఆయనొచ్చి నా గల్లవడితె?" అన్నాడు.

"వచ్చేటోడైతె నేను నీ దగ్గరికెందుకు వస్తనన్నా?"

లక్ష్మీనర్సమ్మ చేతిలో కత్తెర ఆగింది. పోయిన ఏడు హనుమకొండ నుంచి కిషన్ రావు అని కంట్రాక్టరు వచ్చాడు. కొత్త ఇంట్లో పెట్టడానికి కుటుంబం బొమ్మ కావాలని, మొదటి భార్యను మాత్రం తీసేయమని చెప్పాడు. ఆమె బతికే ఉంది, తల్లిగారింట్లో. వెంకట్రాజం మంచిదా కాదా అని అడగలేదు. "గీ చివరామెను తీసెయ్యి" అని వేలు పెట్టి చూపించి పోయాడు. ఆ చివరామెను తీసేసింది లక్ష్మీనర్సమ్మే. ఆమె ఒళ్లో కూర్చున్న పిల్లను ఉంచి, ఒడిని కోసేసింది.

"అదొక్కటే గాదు," వెంకట్రాజం చెబుతున్నాడు, "ఆయన చెయ్యి నీ భుజం మీదున్నది, సూడు. చెయ్యి తీస్తె దాని కింద నీ భుజం లేదు. కాయితానికి బొక్కవడ్తది. కావాల్నంటె కూసో, ఇప్పుడు కొత్త ఫొటో తీస్త."

"ఇప్పటి నన్ను నేను రోజు అద్దంల జూస్తనే ఉన్న. నాకు గప్పటి పిల్ల గావాలె."

"కాదమ్మా, పో."

చెప్పుల చప్పుడు దూరమైంది. లక్ష్మీనర్సమ్మ పనిలో పడబోతుంటే వెనకవైపు సందులోంచి అదే గొంతు, "అక్కా, జరన్ని మంచినీళ్లు పోస్తవా?"

నీళ్లు తాగి చెంబు చేతికిస్తూ ఆ మనిషి లక్ష్మీనర్సమ్మ వేళ్ల వైపు చూసింది. "కత్తిరిచ్చేది నువ్వేనా?"

"నీకెట్ల తెలుసు?"

"ఇల్లంత జిగురు వాసనొస్తాంది. ఆయన చేతులకు లేదు."

లక్ష్మీనర్సమ్మ తన వేళ్లను ఒకసారి చూసుకుంది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. "లోపలికి రా," అన్నది, అత్త నిద్రపోతున్న గదివైపు చూస్తూ.

ఆమె పేరు యాకమ్మ. దవాఖానలో ఆయా పని. గడప మీద కూర్చుని, ఫొటో ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "మొగడు లేని దాన్నని గదిల ఎవలూ నాలుగు దినాలు ఉండనియ్యరక్కా. ఏదో ఒకటంటరు, ఎల్లగొడ్తరు. పొద్దంత రోగాలోల్ల ముఖాలు జూసి ఇంటికొస్తె ఉత్త గోడ. ఒక మనిషి ముఖమన్న ఉంటె మంచిగుండు అనిపిస్తది. ఎవలి ముఖం వెట్టుకోను? దేవుని ముఖం వెట్టుకున్న, ఆయన నాతోని మాట్లాడడు. ఈ పిల్ల ఉన్నది సూడు, ఇది మస్తు నవ్వేది. దీన్ని గోడకు వెట్టుకుంట. ఎల్లగొడితె ఊడవీక్కొని ఇంకో గదికి తీస్కపోత."

"ఈ ఫొటోకు ఇంకో ఫొటో తీయించి దాన్ని కోస్తె? ఇది ఖరాబ్ కాకుంట ఉంటది."

"ఒద్దక్కా. పెద్దగ జెయ్యకున్న మంచిదే. ఇంకో ఫొటో దీస్తె వాడు ఇంకొకడు తయారైతడు. ఒక్కడే సాలు."

ఇద్దరూ నవ్వారు. లక్ష్మీనర్సమ్మ తన నవ్వు చప్పుడుకు తనే ఉలిక్కిపడి అత్త గది వైపు చూసింది. ఫొటో తీసుకుని చీరల పెట్టె అడుగున దాచింది.

మర్నాడు వెంకట్రాజం పెళ్లి ఫొటోలు తీయడానికి మరిపెడ పోయాడు. మధ్యాహ్నం అత్త నడుం వాల్చాక ఆమె అద్దం పలక మీద ఫొటో పరిచింది. ఈ స్టూడియో పెట్టిన మామ గట్టయ్య బతికున్నప్పుడు తీసినదే. ఆ కాలంలో ఆయన దగ్గరికి వచ్చిన జంటలన్నీ ఒకే తెర ముందు, తెర మీద రాసిన ఒకే స్తంభం పక్కన, ఎడమ కిటికీలోంచి పడే ఒకే వెలుగులో నిలబడ్డాయి. "పెండ్లికొడుకా, చెయ్యెయ్యి. భయపడకు, నీ పెండ్లామే" అని ఆయన అందరికీ చెప్పేవాడు. ఈ పెళ్లికొడుకు వేశాడు. పక్కనున్న పిల్ల పళ్లు కనబడేలా నవ్వుతోంది. ఫొటోలో పెళ్లికూతురు అట్లా నవ్వితే ఆ రోజుల్లో మందలించేవాళ్లు. గట్టయ్య ఎందుకో మందలించలేదు.

పిల్లవాణ్ని తీయడం తేలిక. టోపీ అంచు, చెవి, కోటు భుజం. తర్వాత పిల్ల. ముక్కుపుడక దగ్గర ఊపిరి బిగబట్టింది. జడలో పెట్టిన పూలను ఒక్కో రేకునూ వదలకుండా తిరిగి వచ్చింది. చివరకు భుజం మిగిలింది. బ్లేడు మొనతో ఆ వేళ్ల చుట్టూ కోసి లేపితే నాలుగు వేళ్ల మేర కాగితం ఊడి వచ్చింది. పిల్లను ఎత్తి పట్టుకుంటే ఆ సందులోంచి కిటికీ వెలుగు కనబడింది. వెంకట్రాజం అన్నది నిజమే, చెయ్యి కింద భుజం లేదు.

నల్ల కాగితం పెట్టి చూసింది. చీర మీద మసి పడ్డట్టుంది. పెన్సిలుతో చీర మడతలు గీసి చూసింది. గీసినట్టే ఉంది. స్టూడియోలో ఉన్న కొత్త ఫొటోల్లోంచి ముక్క వెతికింది. కొత్త కాగితం తెలుపు, ఇది కాలానికి కందిన గోధుమరంగు. పాత రోజుల పెళ్లిఫొటోలన్నీ ఎవరి ఇళ్లకు వాళ్లవి పోయాయి. వాటిని తీసిన గాజు పలకలు వానకు నాని పాడైపోయాయి. ఆ తెర, ఆ వెలుగు, ఆ కాగితం, ఆ కాలపు ఎర్రచీర, అన్నీ కలిసినది ఇక ఒక్కటే ఉంది. అది అన్నం తినే చోటికి ఎదురుగా గోడ మీద వేలాడుతోంది.

ఆమె లేచి వెళ్లి దాని ముందు నిలబడింది.

తన ఫొటో ఈ లోకంలో అదొక్కటే. తర్వాత ఎప్పుడూ తీయలేదు. ఒకసారి దసరాకు అడిగితే, "ఇంట్ల మనిషికి ఫిల్ము దండుగ జేసుకుంటరా" అన్నాడు వెంకట్రాజం. ఫొటోలో ఇద్దరూ నిలబడి ఉన్నారు, మధ్యలో స్తంభం కనబడేంత ఎడం. ఆ రోజు మామ అందరికీ చెప్పినట్టే కొడుకుకూ చెప్పాడు, చెయ్యెయ్‌రా అని. "అవసరం లేదు, నువ్వు తియ్యి బాపూ" అన్నాడాయన. సిగ్గేమోలే అనుకుంది ఆమె. కెమెరా మీద నల్లగుడ్డ కప్పుకుని మామ వంగినంతసేపూ, ఏమో, ఇప్పుడన్నా వేస్తాడేమో అని ఆమె భుజం ఎదురుచూసింది. ఇప్పటికీ ఆ ఫొటోలో ఆ భుజం కొంచెం ఎత్తి పెట్టినట్టే ఉంటుంది. చీర కొంగు మీద ఎవరి నీడా పడకుండా, ఏ మరకా లేకుండా, మొత్తం భుజం.

చెయ్యి వేసినవాడు బీవండి పోయాడు. వేయనివాడు ఇక్కడే ఉన్నాడు. ఏది నయమో ఆమెకు తేలలేదు. యాకమ్మకు కావలసిన భుజం మాత్రం తన దగ్గర ఉందని తేలింది.

ఫొటో దించి, పీట మీద బోర్లించి, వెనక మేకులు కత్తిపీట మొనతో లేపింది. యాకమ్మ బొమ్మను తన ఫొటో మీద పెట్టి, చీర అంచు గీత కలిసేదాకా అటూ ఇటూ జరిపి, ఆ సందులోంచి బ్లేడు తిప్పింది. నాలుగు వేళ్ల మేర ముక్క చేతికొచ్చింది. వెనక గుడ్డ వేసి అతికి, అతుకు మీద పెన్సిలు రుద్ది, దూరంగా పెట్టి చూసింది. పిల్ల నవ్వుతోంది. ఆమె మీద ఎవరి చెయ్యీ లేదు. భుజం ఉంది.

తన ఫొటోను మళ్లీ ఫ్రేములో బిగించింది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకామె భుజం మీద మగచెయ్యి ఆకారంలో సందు. సందులోంచి వెనకున్న అట్ట కనబడుతోంది. అదే మేకుకు తగిలించింది.

యాకమ్మ వచ్చి బొమ్మను చేతుల్లోకి తీసుకుంది. భుజం మీద వేలుతో నిమిరింది. "ఇది యాడ దొరికిందక్కా?"

"దొరికింది."

"వాడు?"

"గా పొట్లంల ఉన్నడు. ఏం జెయ్యమంటవ్?"

"నీ ఇష్టం. నాకు కోపం గూడ లేదిప్పుడు." బొమ్మను చీర చెంగులో చుట్టుకుంటూ యాకమ్మ గడప దగ్గర ఆగింది. "అక్కా, గదికి రా ఒక్కసారి, సూద్దువు. గోడ మీద ఎట్లుంటదో."

వెళ్లాలనే అనుకుంది. అత్తకు జ్వరం వచ్చింది, పెళ్లిళ్ల కాలం పని మీద పడింది. తీరిక చేసుకుని దవాఖానకు పోయి అడిగితే యాకమ్మను నర్సంపేటకు మార్చారని చెప్పారు. అక్కడ ఎవరి ఇంట్లో ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆమె మళ్లీ కనబడలేదు.

ఇంట్లో ఫొటో ఉంది. మొదటి రోజు వెంకట్రాజం అన్నానికి కూర్చున్నప్పుడు లక్ష్మీనర్సమ్మ గరిటె పట్టుకుని ఆయన ముఖమే చూస్తూ నిలబడింది. ఆయన ఎదురుగా గోడ. తలెత్తితే చాలు. ఆయన పచ్చడి కలుపుకున్నాడు, మజ్జిగ పోయమన్నాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడూ అంతే. ఏం చెప్పాలో ఆమె మాటలు కూడబెట్టుకుని ఉంది. ఆ మాటలు నోట్లోనే చల్లారాయి. కొన్నాళ్లకు భయం పోయింది. భయం పోయిన చోట ఒక ఆశలాంటిది వచ్చింది. ఇవాళన్నా చూస్తాడేమో. కోప్పడతాడేమో. కోప్పడితే బాగుండు. ఆయన రోజంతా ఫొటోలే చూస్తాడు. పెళ్లికూతుళ్ల బొట్టు వంకరగా ఉంటే దూరం నుంచే పట్టేస్తాడు. వానలు పడ్డాయి. చుట్టాలు వచ్చి ఆ గోడ కిందే చాప వేసుకుని పడుకుని లేచి వెళ్లారు. కట్టమ్మ ప్రతి శుక్రవారం దేవుడి పటాలతో పాటు ఆ అద్దం కూడా తుడిచింది. ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆశ కూడా పోయాక ఇక ఆమే రోజూ చూసుకునేది, తన భుజం ఎక్కడుందో అని. నర్సంపేటలో ఏదో గదిలో, ఏదో గోడ మీద ఉండి ఉంటుంది. అక్కడ రోజూ దాన్ని ఒక మనిషి చూస్తుంది. ఆ తలపు వచ్చినప్పుడు మాత్రం ఆమెకు కొంచెం ఊపిరాడేది.

దసరాకు ముందు ఇంటికి సున్నం వేయించారు. పటాలు దించుతూ వెంకట్రాజం ఆ ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంది? ఎలుక గిట్ల కొట్టిందా?"

గుమ్మం దగ్గరికి వెలుగులోకి తీసుకుపోయి చూశాడు. "ఎలుక గాదు. బ్లేడు." ఆమె వైపు తిరిగాడు.

"నేనే కోసిన," అన్నది లక్ష్మీనర్సమ్మ.

"ఎప్పుడు?"

"ఎండకాలంల."

"ఎండకాలంల కోస్తె ఇప్పటిదాక..." అని ఆయన ఆగిపోయాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఆయన తల్లి వైపు తిరిగి, "అవ్వా, నువ్వన్న జూడలేదానే?" అన్నాడు.

"నాకు కండ్లు అవుపడయని తెల్వదా నీకు?" అన్నది కట్టమ్మ.

"ఎందుకు కోసినవే?"

"ఒకామెకు భుజం తక్కువవడ్డది."

"పిస లేసిందా నీకు? సొంత పెండ్లి ఫొటో కోసుకుంటరా ఎవలన్న!" అని ఆయన గొంతు పెంచాడు. ఆమె అనుకున్న మాటలన్నీ పెదవుల మీదికి వచ్చాయి. అంతలో సున్నం వేసే మనిషి నిచ్చెన ఎక్కడ పెట్టాలని అడిగాడు. వెంకట్రాజం వెళ్లి నిచ్చెన పెట్టించి వచ్చేసరికి ఆయన కోపం అయిపోయింది. ఫొటోను దూరంగా పట్టుకుని, స్టూడియోలో పాడైన ఫొటోను చూసినట్టు చూశాడు.

"సరే తీ. ప్లాస్టిక్ పూలదండ ఏద్దాం. బొక్క కనవడది."

కట్టమ్మ లేచి వచ్చింది. "అయ్యో, దండెట్ల ఏస్తవ్‌రా? నువ్వుగూడ ఉన్నవ్ గాదుర దాంట్ల. బతికున్న బిడ్డకు దండేందిరా, ఆయుష్షు తక్కువైతది."

"నిజమే," అన్నాడు వెంకట్రాజం కాసేపు ఆలోచించి. "అయితె సగమే ఏద్దాం. ఆమె దిక్కు."

సున్నం ఆరాక ఫొటో తగిలించాడు. దండను మడిచి, కుడివైపు మూలకు మాత్రం వేలాడదీసి, సందు కప్పేలా సర్దాడు. వెనక్కి నడిచి చూశాడు. తల్లి కూడా చూసింది. "ఇగ మంచిగున్నది" అన్నారు ఇద్దరూ. వాళ్ల గొంతుల్లో కక్ష ఏమీ లేదు. లక్ష్మీనర్సమ్మ సున్నం మరకలు కడుగుతూ ఆ దండను చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. తను ఎప్పటినుంచి లేదో వీళ్లకు తెలియదు, అంతే. లేని మనిషికి దండ వేశారు. తప్పేముంది?

మర్నాడు ఆమె పెందలాడే వంట ముగించింది. జిగురు ఉడికించలేదు. తల దువ్వుకుని, పెట్టెలోంచి కొత్తవాడ నేత చీర తీసి కట్టుకుంది. వెంకట్రాజం తెర తప్పించుకుని ఇవతలికి వచ్చాడు.

"నర్సంపేటోల్ల బొమ్మ అయిందా?"

"కాలె."

"ఇయ్యాల బస్సుకు వస్తరు వాళ్లు. ఎప్పుడైతది మరి?"

"కత్తెర బల్ల మీద ఉన్నది. కత్తెర ఆడిచ్చుడేనాయె, ఆడిచ్చుకో."

ఆయనకు అర్థం కాలేదు. "యాడికి పోతానవ్?"

"హనుమకొండకు."

"ఏం పని?"

"నా పనే."

వాకిట్లో కట్టమ్మ చేట దించి నోరు తెరుచుకుని చూసింది. లక్ష్మీనర్సమ్మ ఆమెను దాటి సందులోంచి రోడ్డు మీదికి వచ్చింది.

హనుమకొండ చౌరస్తాలో బస్సు దిగి, ఒక స్టూడియో మెట్లెక్కింది. తనెవరో ఎవరూ ఎరుగని చోటు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన, "పాసుపోర్టు సైజా అమ్మా?" అని అడిగాడు. "కాదు, నిలువెత్తు," అన్నదామె. ఆయన దీపాలు వెలిగించి, తెర సర్ది, ఆమెను ఒక పక్కకు నిలబెట్టాడు. కొంచెం పక్కకు. ఆమె పక్కన ఇంకో మనిషికి చోటు వదిలాడు. ఆమె ఆ చోటు వైపు ఒకసారి చూసి, నడుచుకుంటూ వచ్చి తెరకు సరిగ్గా నడిమధ్యన నిలబడింది.

పెద్దాయన కెమెరా దగ్గర నుంచి తలెత్తి మెట్ల వైపు చూశాడు. "ఇంకెవలన్న రావాల్నా అమ్మా? సారు వస్తాన్నడా? ఆగమంటె ఆగుత."

లక్ష్మీనర్సమ్మ కొంగు సర్దుకుని, కెమెరాలోకి చూసింది.

"రావాల్సినోల్లందరు వచ్చిండ్రు," అన్నది. "తియ్యుండ్రి."